పత్తి అమ్మాలన్నా వేలిముద్రే!
యాప్‌ల పాలనలో దాచేపల్లి రైతాంగం

పత్తికి మద్దతు ధర ప్రకటించడం వేరు, ఆ ధర రైతు చేతికి అందడం వేరు. ఈ సంగతి మన శీర్షిక చదివే రైతు సోదరులకు కొత్తగా చెప్పనవసరం లేదు. కాటాలో మోసం, తేమ పేరుతో కోత, జిన్నింగు మిల్లు గేటు ముందు రాత్రిళ్లు పడిగాపులు - ఇవన్నీ మన రైతాంగం దశాబ్దాలుగా ఎరిగినవే. 2025-26 సీజనులో వీటన్నిటికంటే ముందు మరో గేటు వెలిసింది. అది మిల్లు దగ్గర లేదు, యార్డు దగ్గర లేదు, సెల్‌ఫోనులో వుంది. భారత పత్తి సంస్థ (సిసిఐ) 'కపాస్ కిసాన్' అనే యాప్ తెచ్చి, అందులో ఆధార్‌తో నమోదై, అందులోనే తేదీ తీసుకున్న రైతు పత్తినే కొంటామని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న నమోదు మొదలుపెట్టి ఆ నెలాఖరుతో సరి అన్నారు. తర్వాత అక్టోబరు 31 అన్నారు. ఆ తర్వాత ఇంకా పొడిగించారు. గడువు ఇన్నిసార్లు పొడిగించవలసి వచ్చిందంటేనే గేటు ఎంత ఇరుకో తెలుస్తున్నది.

మేము ఈ వ్యాసానికి దాచేపల్లిని తీసుకున్నాము. పూర్వం గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా. నాగులేరు పక్కన సున్నపురాయి నేల. చుట్టూ గామాలపాడు, తంగెడ, నడికుడి, కేసానుపల్లి, ముత్యాలంపాడు. పొందుగుల దగ్గర కృష్ణ దాటితే తెలంగాణ. పత్తి, మిరప ఇక్కడి బతుకు. పొలం లేనివాడు కూలికో, సున్నం బట్టీకో, రాతి క్వారీకో పోతాడు. యాప్‌ల గురించి, ఫోన్ల గురించి ఇక్కడి జనం ఏమనుకుంటున్నారో పట్నం మేధావులు ఎన్నడూ అడగరు. వాళ్ల దృష్టిలో రైతుకు టెక్నాలజీ అంటే భయం, ప్రైవసీ అంటే తెలియదు. రెండూ అబద్ధాలే.

ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710 రూపాయలు. తేమ 8 శాతం వుంటే పూర్తి ధర. 12 శాతం దాకా కోత. అది దాటితే తిరుగుటపా. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. ఆ వానలకు పల్నాటి చేలల్లో విచ్చిన పత్తి చెట్టు మీదనే తడిసింది. తడిసిన పత్తిని ఆరబెట్టుకోవాలి, ఆరిన రోజునే అమ్ముకోవాలి, ఎందుకంటే మర్నాడు మంచు పడితే మళ్లీ నిమ్ము ఎక్కుతుంది. కాని యాప్ ఇచ్చే తేదీకి చేలో ఎండతో సంబంధం లేదు. ఎండ వున్నప్పుడు తేదీ దొరకదు, తేదీ దొరికిన నాడు మబ్బు. గట్టిగా చెప్పాలంటే బజారు తేడా క్వింటాలుకు వెయ్యి రూపాయలే అనుకున్నా, ఎకరాకు ఏడు క్వింటాళ్లు పండిన రైతుకు ఎకరానికి 7,000 రూపాయలు పోయినట్టే. ఐదెకరాల వాడికి 35,000. ఆడపిల్ల కాలేజీ ఫీజో, పురుగుమందుల కొట్టు బాకీలో సగమో అందులో వుంది. తేదీ దొరకక దళారీకి తెగనమ్ముకున్న రైతు లెక్కల్లో ఎక్కడా కనపడడు. అతను 'నమోదు చేసుకోని రైతు', అంతే.

నదికి ఆవల తెలంగాణలో ఇంకో తమాషా జరిగింది. అక్కడ ఎకరాకు 12 క్వింటాళ్ల దాకా కొంటున్నవాళ్లు 7 క్వింటాళ్లకు దించారు. మిగిలిన పత్తిని రైతు ఎక్కడ పోసుకోవాలో యాప్ చెప్పదు.

ఇదే కాలంలో ఢిల్లీ ప్రభువులు విదేశీ పత్తి మీద వున్న 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి ఎత్తివేశారు. మొదట సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. అంటే సరిగ్గా మన పత్తి తీతలు సాగే కాలమంతా. ఓడలో దిగే పత్తికి స్లాటు అక్కరలేదు, ఓటిపి అక్కరలేదు. దాచేపల్లి రైతు పది బోరేలు ట్రాక్టరుకెత్తి మిల్లుకు తోలాలంటే మాత్రం ముందుగా తాను తానేనని రుజువు చేసుకోవాలి.

రైతులు ఏమంటున్నారు? ఒకే మాట అనటం లేదు. చదువుకున్న కుర్రవాళ్లున్న ఇళ్లలో 'మంచిదే, దళారీ బెడద తప్పింది' అనేవారున్నారు. 'డబ్బులు నేరుగా ఖాతాలో పడ్డాయి, అడ్తీవాడు కోసుకునే పని లేకుండా పోయింది' అన్నవారూ వున్నారు. ఇది నిజం, దీన్ని మేము కాదనము. అడ్తీ దుకాణంలో పచ్చి చీటీ మీద పత్తి పోసి ఆరు నెలలు తిరిగిన రోజులు ఎవరికి తీపి? అయితే అదే నోటితో, 'మరి అది పనిచేయాలి కదండీ' అంటున్నారు. 'పొద్దున చూస్తే సర్వరు లేదంటది, సాయంత్రం చూస్తే ఖాళీలు నిండాయంటది. రాత్రి పన్నెండింటికి మేలుకుని నొక్కమంటాడు మా పిల్లోడు. పత్తి పండించటానికి ఇంత కష్టపడలా' అని ఒక పెద్దాయన వాపోయాడు. బటను ఫోను వున్నవాడు మీసేవకో, నెట్ సెంటరుకో పోవాలి. అక్కడ నమోదుకు యాభయ్యో, వందో. ఆధార్ నంబరు, పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం జిరాక్సులు అక్కడ బల్ల మీద ఒకదానిమీద ఒకటి పేర్చి వుంటాయి. ఓటిపి ఎవరి ఫోనుకొస్తుందో, ఎవరు చదువుతారో ఎవరికీ పట్టదు. దళారీ పోయాడన్నారు. పోలేదు, కుర్చీ మారింది.

ఇక వేలిముద్ర సంగతి.

పూర్వం షావుకారు ప్రామిసరీ నోటు మీద నిశాని పెట్టించుకునేవాడు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసిన రైతు కొంప గుండమైన కథలు ప్రతి వూళ్లోనూ వున్నాయి. అందుకనే పల్లెల్లో 'ఎక్కడ పడితే అక్కడ వేలిముద్ర ఎయ్యమాకు' అని పెద్దలు పిల్లలకు చెప్పేవారు. ఇంతకంటే చక్కటి ప్రైవసీ పాఠం ఏ విశ్వవిద్యాలయం చెప్పింది? ఆ జాగ్రత్త నేర్చిన రైతు చేత ఇప్పుడు ప్రభుత్వమే రోజుకొక చోట వేలిముద్ర వేయిస్తున్నది. రేషను బియ్యానికి, పింఛనుకు, యూరియా బస్తాకు, ఈ-పంట నమోదుకు, పిఎం కిసాన్‌కు, బ్యాంకు మిత్ర దగ్గర ఐదొందలు తీసుకోవడానికి. ఎరువుల దుకాణంలో ఈ మిషను 2018 నుంచి దేశమంతటా వుంది. 2025 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యూరియాకు వరసలు కట్టిన రైతులకు ఆ మిషను ముందు నిలబడటం అంటే ఏమిటో బాగా తెలుసు.

వేలిముద్ర పడితే సరే. పడకపోతే? మిరప కోతకు పోయే తల్లుల వేళ్లు చూడండి. కారం ఘాటుకు చర్మం ఒలిచి నున్నబడి వుంటుంది. పత్తి తీసేవాళ్లకు కాయ మొనలు గీసుకుని గాట్లు. సున్నం బట్టీలో పదేళ్లు పనిచేసినవాడికి గీతలే మిగలవు. 'వేలు పడట్లా, నూనె రాసుకుని రా' అంటాడు మిషను దగ్గరున్నవాడు. 'మళ్లీ రేపు రా' అంటాడు. ఆ రేపటికి ఒక పూట కూలి పోతుంది. కష్టం చేసిన చేతినే గుర్తుపట్టలేని మిషనును కష్టజీవులకు గుర్తింపు సాధనంగా పెట్టడం ఏ తెలివితేటలో మాకు బోధపడదు. కుర్చీలో కూర్చుని సంతకాలు చేసేవాడి వేలు మాత్రం మొదటిసారికే పడుతుంది.

ఒక సంగతి రైతు సోదరులు గుర్తుంచుకోవాలి. వేలిముద్ర పడలేదనే కారణంతో ఎవరికీ సబ్సిడీ గాని, పథకం గాని నిరాకరించరాదని, వేరే విధంగా గుర్తించి ఇవ్వాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24న సర్క్యులరు ఇచ్చింది. ఆధార్ చట్టం ఏడవ సెక్షను మీద సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తీర్పు చెప్పినప్పుడు కూడా సబ్సిడీలకు ఆధార్ వుండవచ్చని మెజారిటీ అంగీకరించింది గాని, వేలిముద్ర పడనివాడిని వెనక్కి పంపండి అనలేదు. దుకాణం గోడ మీద ధరల పట్టిక పక్కన ఈ సర్క్యులరు అంటించమని ఎవరూ ఆదేశించరెందుకో!

కౌలురైతు గోడు ఇంకా దారుణం. ఈ ప్రాంతంలో పత్తి, మిరప సాగులో పెద్దభాగం కౌలు సేద్యమే. భూమి ఆసామి గుంటూరులోనో, హైదరాబాదులోనో వుంటాడు. పిల్లలు అమెరికాలో వుంటారు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. పదకొండు నెలలకే ఆ కార్డు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనని రైతు భయం. కార్డు లేదు గనుక ఈ-పంటలో ఆసామి పేరే. ఆసామి పేరు వుంది గనుక అమ్మకం కూడా ఆ పేరు మీదే. అప్పుడు ఏమవుతుంది? పత్తి దాచేపల్లిలో, ఓటిపి హైదరాబాదులో. 'బాబుగారూ, మీ ఫోనుకు ఒక నంబరు వచ్చింది, కాస్త చెప్పండి' అని కౌలుదారు పొలం గట్టు మీద నుంచి ఫోను చేసి బతిమాలుకోవాలి. ఆయన మీటింగులో వుంటే ఆనాటి తేదీ పోయింది. సొమ్ము ఆధార్ జత అయిన ఖాతాలో పడుతుంది, అంటే ఆసామి ఖాతాలో. మంచివాడైతే పంపుతాడు. పాత బాకీ వుంటే పట్టుకుని పంపుతాడు. అడిగే నాథుడు లేడు. యాప్ దృష్టిలో అతను పత్తి పండించిన రైతే, ఇతను ఎవరో బాటసారి.

కౌలుదారును పుస్తకంలో ఎక్కించకపోవడం కంప్యూటరు కనిపెట్టిన విద్య కాదు. కరణాల కాలంలోనూ అడంగల్‌లో సాగుదారు పేరు రాయించుకోవాలంటే నానా యాతన పడవలసి వచ్చేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసినప్పుడు పల్లెల్లో అయ్యో అన్నవారు కొద్దిమందే. మేమూ కరణాల రాజ్యం తిరిగి రావాలని కోరేవాళ్లం కాము. కాని ఒక తేడా చెప్పాలి. కరణం తప్పు రాస్తే ఎవరు రాశారో తెలిసేది. ఆయన ఇల్లు తెలుసు, అరుగు తెలుసు. పదిమంది రైతులు పోయి నిలదీయవచ్చు, సంఘం పెట్టుకుని పోరాడవచ్చు. 2015 నుంచి 'మీ భూమి' అన్నారు, వెబ్‌ల్యాండు అన్నారు. ఒకరి సర్వే నంబరులో మరొకరి పేరు, ఎకరా పోయి ఎనభై సెంట్లు. తప్పు ఎవరిదంటే తహసీల్దారు ఆపరేటరును చూపిస్తాడు, ఆపరేటరు సర్వరును చూపిస్తాడు. సర్వరు ఎక్కడుందో దేవుడికి తెలియాలి. 2024 ఎన్నికల ముందు భూహక్కుల చట్టం మీద పల్లెల్లో రేగిన భయం వూరికే పుట్టలేదు. అసలు దస్తావేజు తన ఇనప్పెట్టెలో కాకుండా కనపడని చోట వుంటుందంటే రైతు గుండె ఝల్లుమంది. కొత్త ప్రభుత్వం ఆ ఏడాదే ఆ చట్టాన్ని రద్దు చేసింది.

కృష్ణకు ఆవలి ఒడ్డున 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. అనుభవదారు కాలమ్‌నే తీసేశారు. కౌలుదారు, సాదాబైనామా వాడు ఒక్క దెబ్బకు అదృశ్యమయ్యారు. ఆ పోర్టలు నిర్వహణ 2024 డిసెంబరు 1న ప్రభుత్వ సంస్థ ఎన్ఐసి చేతికి వచ్చేదాకా ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో వుంది. అందులో ఇంకో విచిత్రం. తన భూమి వివరం ఇతరులకు కనపడకుండా దాచుకునే సౌకర్యం పట్టాదారుకు ఇచ్చారు. దానికి పెట్టిన పేరు ప్రైవసీ! పెద్ద పెద్ద ఆస్తులు దాచుకోవడానికే అది వుపయోగపడిందని విమర్శలు వచ్చాయి. 2025లో భూభారతి వచ్చి ధరణి పోయింది. మేము చెప్పదలచిందేమంటే, వందల ఎకరాలవాడికి ప్రైవసీ అడగకుండానే దొరుకుతున్నది. పింఛను ముసలమ్మ ఆధార్ నంబరు మాత్రం వూరందరికీ కనపడుతుంది.

ఈ మాట కోపంతో అన్నది కాదు, జరిగినదే. 2017 మేలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరైనా చూడగలిగేలా పడి వున్నాయని అందులో తేల్చారు. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే - ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. ఉపాధి కూలీ, అసంఘటిత కార్మికుడు, వీళ్ల వివరాలే చూశారా! మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలమందికి పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు బయటపడ్డాయి. 2022లో పిఎం కిసాన్ వెబ్‌సైటులోని లోపం వల్ల దాదాపు 11 కోట్లమంది రైతుల ఆధార్ నంబర్లు బయటికి పొక్కే స్థితిలో వున్నాయని కేరళకు చెందిన ఒక పరిశోధకుడు కనిపెట్టి చెప్పవలసి వచ్చింది. జనవరిలో చెబితే మేలో సరిచేశారు.

అన్నిటికంటే మన రైతులు గమనించవలసినది ఇంకొకటి. భూమి రిజిస్ట్రేషను దస్తావేజు మీద వేలిముద్రలు వేస్తాము కదా. ఆ దస్తావేజుల నకళ్లు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటు నుంచి దించుకుని, ఆ వేలిముద్రలను రబ్బరు లాంటి పదార్థం మీద అచ్చు పోసి, ఆధార్ చెల్లింపుల మిషను మీద పెట్టి వందమందికి పైగా ఖాతాల్లోంచి లక్షల రూపాయలు లాగిన ముఠాను 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అంతకుముందు 2018లోనే తెలంగాణలో అదే పద్ధతిలో దొంగ సిమ్ కార్డులు తీసిన కేసు బయటపడింది. నాలుగేళ్లు తెలిసి కూడా తలుపు తెరిచే వుంచారన్నమాట. పిన్ నంబరు దొంగతనమైతే మార్చుకోవచ్చు. బీగం పోతే కొత్త బీగం కొనుక్కోవచ్చు. బొటనవేలు మార్చుకునేదెట్లా?

రాజకీయ పార్టీల వ్యవహారం కూడా కొంచెం చూద్దాం. 2019 మార్చిలో అప్పటి అధికార పార్టీ యాప్ చేసిన హైదరాబాదు కంపెనీ మీద ఓటర్ల వివరాలు దొంగిలించిందని కేసు పెట్టారు. 2023 జులైలో వలంటీర్లు ఇంటింటి వివరాలు పోగుచేసి దుర్వినియోగం చేస్తున్నారని ఇటువైపు నుంచి ఆరోపణ. మీరు దొంగలంటే మీరు దొంగలని అరుచుకున్నారు. రెండు పక్షాలూ ఒక్క విషయంలో ఏకమే - ఆ వివరాలు ఎవరివో వాళ్లను అడగాలనే ఆలోచన ఎవరికీ రాలేదు. 2025 జనవరి 30 నుంచి 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో పెట్టారు. సౌకర్యంగా వుందనేవారున్నారు, వుండవచ్చు. కాని ఆ వాట్సాప్ అమెరికాలోని మెటా కంపెనీది. తహసీల్దారు కచేరీ గుమ్మం ఒక ప్రైవేటు కంపెనీ ఇంట్లోంచి తెరుచుకోవడం చిన్న విషయం కాదు.

ఇంతకీ రైతు వివరాలతో ఎవరికి పని? ఇక్కడే అసలు రహస్యం వుంది. 2021 ఏప్రిల్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ మైక్రోసాఫ్ట్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆరు రాష్ట్రాల్లో 100 గ్రామాలు, అందులో ఆంధ్రప్రదేశ్ కూడా వుంది. పతంజలి, అమెజాన్ వంటి సంస్థలతోనూ ఒప్పందాలు జరిగాయి. దీన్ని అగ్రిస్టాక్ అన్నారు. రైతు సంఘాలు, పౌర సంస్థలు 55 కలిసి అభ్యంతరం చెబుతూ లేఖ రాశాయి. పార్లమెంటులో చర్చ లేదు, రైతును అడగలేదు, సమాచార రక్షణ చట్టం అప్పటికి పుట్టనేలేదు. అయినా ఆగలేదు. 2024 సెప్టెంబరు 2న 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషను ఆమోదించారు. ప్రతి రైతుకూ ఒక నంబరు, ఆ నంబరు కింద భూమి, పంట, అప్పు, బీమా అన్నీ. 2025లో మన రాష్ట్రంలోనూ రైతు సేవా కేంద్రాల్లో ఆ నమోదు మొదలైంది.

ఏ రైతు ఏ నేలలో ఏ పంట వేశాడు, ఎప్పుడు తెగులు తగిలింది, ఎంత అప్పుంది, ఎప్పుడు తీర్చాలి - ఇవన్నీ తెలిసినవాడు ఏం చేస్తాడు? పురుగుమందు కంపెనీ ధర ఎప్పుడు పెంచాలో తెలుసుకుంటుంది. వ్యాపారి ఏ వారంలో రైతు తప్పనిసరిగా అమ్ముకుంటాడో తెలుసుకుని ఆ వారం ధర దించుతాడు. అప్పిచ్చేవాడు ఎవరికి ఇవ్వకూడదో తెలుసుకుంటాడు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమకు పత్తి నాశనమై రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు ఏం జరిగిందో మన పెద్దలకు జ్ఞాపకం వుండే వుంటుంది. కొట్టు చెప్పిన మందే మందు, కొట్టు రాసిన పద్దే పద్దు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు మళ్లీ మళ్లీ చల్లించారు. రైతు సమాచారం అప్పుడు ఒక్క కొట్టువాడికి తెలిస్తేనే అంత నష్టం. 'ఇప్పుడు ఆ కొట్టు పద్దు దేశానికంతా ఒకటే పుస్తకం చేస్తున్నారు' అని తంగెడ వైపు ఒక రైతు అన్నాడు. మేము ఇంతకంటే బాగా చెప్పలేము.

చట్టం వుంది కదా అంటారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. అందులో పేదకు లేదు, పెద్దకు వుంది అనలేదు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చదివి చూస్తే కళ్లు తిరుగుతాయి. సబ్సిడీ, పథకం, సర్టిఫికెటు ఇచ్చే పేరుతో ప్రభుత్వం సమాచారం వాడుకోవడానికి మన అనుమతి ప్రత్యేకంగా తీసుకోనక్కరలేదు. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా వేయవచ్చు, బాగానే వుంది. ఆ డబ్బు కేంద్ర ఖజానాకు పోతుంది, నష్టపోయిన రైతుకు పైసా రాదు. పైగా పాత ఐటి చట్టంలో నష్టపరిహారం అడిగే 43ఎ సెక్షనును తీసేసే ఏర్పాటు చేశారు. ఇక అల్పమైన ఫిర్యాదు, తప్పుడు ఫిర్యాదు చేశాడని తేలితే ఫిర్యాదుదారుకే 10,000 రూపాయల దాకా జరిమానా! సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను కూడా ఇదే చట్టంతో మార్చేశారు. రైతు వివరం కంపెనీకి తెలియవచ్చు, అధికారి వివరం రైతు అడగరాదు. దీని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. వాటిలో ముఖ్యమైనవి అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. కపాస్ కిసాన్‌లో నమోదుకు రైతుకు మొదట ఇచ్చిన గడువు ముప్పై రోజులు.

'అయితే టెక్నాలజీ వద్దంటారా?' అని కొందరు మిత్రులు మమ్మల్ని వెక్కిరిస్తారు. పల్నాటి రైతును చూసినవాడెవడూ ఈ ప్రశ్న వేయడు. చేతి పంపు నుంచి పవర్ స్ప్రేయరుకు, అక్కడి నుంచి డ్రోనుకు, హైబ్రిడ్ పత్తి నుంచి 2002లో వచ్చిన బిటి పత్తికి, ఏది ముందు వచ్చినా అప్పు చేసి మరీ పట్టుకున్నవాడు ఇక్కడి రైతే. గుంటూరు యార్డులో మిర్చి ధర పొద్దున్నే ఫోనులో చూసుకుని టిక్కీలు తోలాలా, కోల్డు స్టోరేజిలో పెట్టాలా అని తేల్చుకుంటున్నాడు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించినప్పుడు ఆ వార్త కల్లాల్లో ముందు ఫోను ద్వారానే తెలిసింది. గొడవ పరికరంతో కాదు. పరికరం తాళం ఎవరి జేబులో వుందన్నదే గొడవ. అమెరికాలో భారీ రైతులు సైతం ఇదే మొర పెడుతున్నారు. జాన్ డీర్ ట్రాక్టరు కొన్నవాడు దాన్ని తాను బాగుచేసుకోవాలంటే సాఫ్టువేరు కంపెనీ చేతిలో వుంటుంది, డీలరు రావాలి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషనే 2025 జనవరిలో ఆ కంపెనీ మీద దావా వేసింది. వేల ఎకరాలవాడి గతి అట్లా వుంటే రెండెకరాల కౌలుదారు సంగతి చెప్పేదేముంది?

పర్యవేక్షణ కోసమే యాప్‌లు అన్న వాదన కూడా నిలవదు. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి యాప్‌లో పెట్టాలన్నారు. నెట్‌వర్కు లేని గుట్ట మీద ఫొటో ఎక్కక, చేసిన పనికి కూలి పోగొట్టుకున్నవారి ఫిర్యాదులు దేశమంతటా వచ్చాయి. దొంగ మస్టర్లు ఆగాయా? ఫొటోకు ఫొటో తీసి పెడుతున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులరులో రాసుకుంది. దొంగ ఎప్పటిలాగే దొంగ. పస్తు మాత్రం కూలీది.

రైతు సంఘాలు ఈ సమస్యను చేతిలోకి తీసుకోవాలని మా అభిప్రాయం. కొనుగోలు కేంద్రంలో యాప్‌తోపాటు చేతి రాత రిజిస్టరు కూడా వుండాలి. నమోదు కాని రైతు పత్తి తెస్తే ఈ-పంట పత్రం చూసి కొనాలి. కౌలుదారును గ్రామసభ గుర్తిస్తే చాలు, ఆసామి సంతకం అడగరాదు, సొమ్ము సాగుదారు ఖాతాకే పోవాలి. రైతు నంబరు కింద పోగుచేసిన వివరాలు ఏ కంపెనీకి ఇచ్చారో ప్రతి సీజనులో గ్రామసభలో చదివి వినిపించాలి. సర్వరు పనిచేయని రోజుకు గడువు దానంతటదే పెరగాలి. ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు.

ఈలోగా ఎవరికి వారు చేసుకోగల పనులు కొన్ని వున్నాయి. పిఎం కిసాన్ డబ్బులని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవమాకండి, ఫోను మొత్తం వాళ్ల చేతికి పోతుంది. మీ ఫోను పుస్తకం, ఫొటోలు అడిగే అప్పు యాప్‌ల జోలికి పోమాకండి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే వాటిని తాకరాదని అప్పు సంస్థలకు నిబంధన పెట్టింది. డబ్బు పోతే గంట ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. వేలిముద్రకు తాళం వేసుకునే ఏర్పాటు ఆధార్ యాప్‌లో వుంది. తాళం వేసి వుంచి, ఎరువుకో పింఛనుకో పోయే రోజు తీసి, పని కాగానే మళ్లీ వేసుకోవచ్చు. దానికి ఫోను నంబరు ఆధార్‌తో జత అయి వుండాలి. జత కాని కూలీ జనం ఆధార్ కేంద్రానికి పోయి వరసలో నిలబడితే అక్కడా ముందు అడిగేది వేలిముద్రే.